అమ్మను చూడడానికి వచ్చిన మేడమ్

కోదాడ, గురువారం రాత్రి

గుర్తింపు ఉన్న హోమ్‌కేర్ ఏజెన్సీ కోసం నెల రోజులుగా వెతుకుతున్నాను. సూర్యాపేట వాళ్లు కోదాడ దాకా మనిషిని పంపలేమన్నారు. మిర్యాలగూడ వాళ్లు ఒప్పుకుని, అమ్మకు ఎంత సాయం కావాలో రాసుకోవడానికి ఈరోజు ఒక మేడమ్‌ను పంపారు.

ఇంటికి కొత్త మనిషి వస్తోందని పొద్దున్నే అమ్మకు నేనే స్నానం చేయించాను, జడ వేశాను, పట్టుచీర కట్టాను. పక్షవాతం వచ్చిన ఎడమ చేయి కొంగు కింద దాగిపోయింది.

"స్నానం ఎవరు చేయిస్తరమ్మా?" అంది మేడమ్.

"నేనేమన్న పసిపిల్లనా? నా పని నేనే చేసుకుంట. ఈ పిల్లే ఉత్తగ పరేషాన్ అయితది. నువ్వు జర చాయ్ తాగు బిడ్డా" అంది అమ్మ.

మేడమ్ నవ్వి, సాయం అక్కర్లేదని రాసుకుంది. అమ్మ ముందు కాదనలేకపోయాను.

సోమవారం నుంచి హైదరాబాద్‌లో నాకు పీజీ క్లాసులు. అక్కడి హాస్టల్ గదిలో, ఎవరూ పిలవకుండా, తెల్లారేదాకా నిద్రపోవాలని ఎంత ఆశో... రేపు మేడమ్‌కు ఫోన్ చేసి నిజం చెప్పాలి. అంతకంటే ముందు అమ్మకు చెప్పాలి, నాకు వెళ్లాలని ఉందని. ఇంతవరకు ఆ మాటే అనలేదు. "నీ కోసమే మనిషిని పెడుతున్న" అంటూ వచ్చాను.