నీలకంఠం సార్ మన గడపలో కూర్చున్న రోజు

ప్రియమైన అమ్మకు,

బెంగళూరు నుంచి నీ చిన్న కొడుకు జయరాజు చేసే వందనాలు. దేవుని దయవల్ల నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, నాయన, శామన్న, చెల్లి రూతు అందరూ బాగున్నారని తలుస్తున్నాను. నాయనకు దగ్గు తగ్గిందా? టిప్పర్లు తిరిగే రోడ్డు పక్కన కూర్చోవద్దని నేను మరీ మరీ చెప్పానని చెప్పు. నాది సండేస్కూల్ తెలుగు, తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఈ ఉత్తరం మాత్రం నువ్వొక్కదానివే చదువు. శామన్నకు చూపించవద్దు.

ఇక్కడ వారం నుంచి సన్నటి తుంపర. ఉతికిన బట్ట రెండు రోజులైనా ఆరదు. హాస్టల్ సాంబారులో బెల్లం వేస్తారు. మొదట్లో గొంతు దిగేది కాదు, ఇప్పుడు అలవాటైంది. మొన్నొక ఆదివారం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దొరుకుతాయేమోనని మెజెస్టిక్ అంతా తిరిగి వచ్చాను. ఎవరైనా ఇటు వస్తుంటే చెనిక్కాయల పొడి కాస్త పంపు. దెబ్బలేమీ తగల్లేదు, మోకాళ్ళు బాగున్నాయి, భయపడవద్దు.

నువ్వు ప్రతి ఉత్తరంలోనూ ఒకే మాట అడుగుతున్నావు, ఏం పాఠాలు చెబుతున్నారు నాయనా అని. అన్నీ బాగా చెబుతున్నారని రాస్తూ వచ్చాను. అది అబద్ధం అమ్మా. వచ్చిన మొదటి వారం పుస్తకం పట్టుకుని క్లాసుకు పోతుంటే మేనేజరు వరండాలోనే ఆపాడు. మన ఇంటికి కారులో వచ్చిన ఆ మేనేజరే.

"నీకు క్లాసేందప్పా? హాజరు మేం వేసుకుంటాం. నువ్వు కబడ్డీలో కాళ్ళు పట్టు, సాలు" అన్నాడు.

నాకు కోపం రావాలి కదా. రాలేదు. సంతోషమైంది. తిరిగి వచ్చి పడుకున్నాను. అప్పటి నుంచి నా పని ఈ కాలేజీ పెట్టిన గనుల సావుకారు ఫొటో ఉన్న బనియను వేసుకుని ఊరూరా పోటీలు ఆడడమే.

ఇప్పుడు రాయబోయేది నీకు తెలియనిది కాదు. అయినా నా చేత్తో నేను రాయాలి. మంగళూరు కాలేజీలో కబడ్డీ నేర్పే నీలకంఠం సార్ మన బ్రూస్‌పేటకు మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి జిల్లా పోటీల్లో నా ఆట చూశాడు. కూతకు వచ్చినవాడి చీలమండ నేను వంగి పట్టే తీరు చూసి, పేరు రాసుకున్నాడు. రెండోసారి మన ఇంట్లో చాపమీద కూర్చుని ఉగ్గాని తిన్నాడు. ఆలూరు వైపు మనిషి గదా, మన మాటే మాట్లాడాడు. "అమ్మా, ఆట మోకాలు ఉన్నన్నాళ్ళే ఉంటాది. డిగ్రీ అట్ల కాదు. ఆడిస్తా, సదివిస్తా. మీ బిడ్డను నాకిడ్సండి" అన్నాడు. నువ్వు రెండు చేతులూ జోడించి సరేనన్నావు.

తర్వాత సావుకారు కారు వచ్చింది. ఆయన బెంగళూరులో కొత్తగా కాలేజీ పెట్టాడని, జట్టు కావాలని మేనేజరు చెప్పాడు. జీన్స్ షెడ్డులో కుట్టుపని చేసే శామన్నకు టిప్పర్ డ్రైవర్ పని ఇస్తామన్నాడు. అన్న కోసమే ఒప్పుకున్నానని అందరితో చెప్పుకున్నాను. అన్న నన్ను ఒక్కసారి కూడా అడగలేదమ్మా. "నీ ఇష్టంరా, నాకు మిషను ఉండాది" అన్నాడు. కారు చూసి, కొత్త బూట్లు చూసి ఒప్పుకున్నది నేనే.

మూడోసారి సార్ రెండు బస్సు టికెట్లతో పొద్దున్నే వచ్చాడు. ఆయన గొంతు వినగానే నేను లోపలి గదిలోకి దూరాను. లేనని చెప్పు, లేనని చెప్పు అని నీ కొంగు పట్టుకుని లాగాను. నువ్వు నా ముఖం చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. బయటికి పోయి అన్నావు.

"లేడు సార్. మోక ఊరికి పోయినాడు, వాళ్ళత్తోళ్ళింటికి. ఎప్పుడొస్తాడో తెలీదు."

"పర్వాలేదమ్మా. ఈడే కూసుంటా."

మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. నువ్వు రెండుసార్లు నీళ్ళిచ్చావు. నేను బియ్యం మూటల వెనక, దగ్గు రాకుండా నోట్లో తువ్వాలు కుక్కుకుని కూర్చున్నాను.

పోయిన వారం మైసూరు పోటీల్లో మా జట్టుకు సార్ జట్టే ఎదురుపడింది. నాకు అనుకున్న సీటులో కుడతిని ఊరి హనుమంతు చేరాడట. మా వాళ్ళు కూతకు పోయిన ప్రతిసారీ అతనే పట్టేశాడు. మేం చిత్తుగా ఓడాం. ఆట అయ్యాక మా వాళ్ళు టీ కొట్టుకు పోయారు. సార్ పిల్లలు మైదానం గట్టున కూర్చుని సంచుల్లోంచి పుస్తకాలు తీశారు. వాళ్ళకు పరీక్షలట. అది చూసి నా కాళ్ళు ఆగలేదు. సార్ దగ్గరికి పోయాను.

"సార్, ఆ పొద్దు నేను ఇంట్లోనే ఉన్నా" అన్నాను.

"తెలుసప్పా. మూడుతూర్లు దగ్గితివి గదా."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ కోసం కూసుంటి అనుకుంటివా? బస్సు పన్నెండున్నరకు. ఆ ఎండలో బస్టాండు కంటే మీ గడప నీడ మేలనుకుంటి" అని నవ్వాడు. అది నిజమో, నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడో తెలియదు. తర్వాత నవ్వు ఆపి అన్నాడు. "నువ్వు పోయింది తప్పు గాదు. ఎవురికి యాడ బాగుంటే ఆడికి పోతారు. ఆ తల్లి చేత అబద్ధం చెప్పించకుండా ఉండాల్సింది. రెండోతూరి నీళ్ళిచ్చేటప్పుడు నా ముఖం సూడకుండా చెంబు గడప మీద పెట్టి లోపలికి పాయె. నాకేం కోపం లేదని ఆమెకు రాయప్పా."

నన్ను తీసుకుంటారా అని అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

తిరిగి వచ్చిన మరుసటి రోజు నుంచి క్లాసుకు పోతున్నాను. మేనేజరు కేకలేశాడు, అయినా పోతున్నాను. సగం అర్థం కాదు. పక్కన కూర్చునే అబ్బాయి నోట్సు ఇస్తున్నాడు. దీనివల్ల శామన్న టిప్పర్ పనికి ఏమైనా అవుతుందేమోనని భయంగా ఉంది. సెలవులకు వచ్చినప్పుడు అన్నకు నేనే అంతా చెబుతాను.

సార్ మాట నీకు రాద్దామని కూర్చునేసరికి రూతు కార్డు వచ్చింది. సార్ వచ్చిపోయిన జూన్ నుంచి నువ్వు రొట్టె, రసం తీసుకోవడానికి ప్రభు బల్ల దగ్గరికి పోవడం లేదట. అందరూ లేచి ముందుకు పోతుంటే వెనక బెంచీలోనే కూర్చుండిపోతున్నావట. చర్చి అయ్యగారు అడిగితే మోకాళ్ళ నొప్పి అన్నావట. ఎందుకో తెలియలేదని రూతు రాసింది. నాకు తెలిసిందమ్మా, సార్‌తో ఆడిన అబద్ధం మనసులో పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదనే గదా. చదువుతుంటే కార్డు మీద అక్షరాలు కనిపించలేదు. ఆ మోకాళ్ళ నొప్పి అబద్ధం కూడా నేనే నీతో ఆడించాను.

ఇంతకాలం నేను కొత్త బూట్లు వేసుకుని తిరిగాను, నువ్వు నా తప్పు నీ మీద వేసుకుని కూర్చున్నావు. ఇక వద్దు. ఆ మాట పలికింది నీ నోరైనా, మాట నాది. అయ్యగారికి ఈ ఉత్తరం చూపించాలంటే చూపించు, నాకు సిగ్గే, అయినా చూపించు. వచ్చే బల్ల ఆదివారం నువ్వు లేచి ముందుకు పో. వెనక బెంచీలో కూర్చోవలసినవాణ్ణి నేను. ఇక్కడి చర్చిలో నేను కూర్చుంటాను.

నాయనకు వందనాలు. శామన్నకు, రూతుకు నా ప్రేమ. అయ్యగారికి, అమ్మగారికి నా పేరు చెప్పు. నీ ప్రార్థనలో నాకూ కాస్త చోటు ఉంచు. జవాబు ఒక్క ముక్కైనా చాలు, ముందుకు పోయానని రాయి.

నీ కొడుకు,
జయరాజు