మధు ఎంచుకున్న పడవవాడు

సోమవారం

విడవలూరులో మా అబ్బాయికి షుగరు తగ్గిందో లేదో. కోడలి మోకాళ్లు ఎలా ఉన్నాయో. ఇక్కడ తడలో మనవడు మధుకు ఒంట్లో బాగానే ఉంది కానీ, కోవూరు పిల్లతో పెళ్లిచూపుల మాట వచ్చినప్పటి నుంచి సరిగా తినడం లేదు.

ఈరోజు డ్యూటీ నుంచి వచ్చి కంప్యూటర్లో ఆట ఆడుకుంటుంటే పక్కన కూర్చున్నాను. అందులో కత్తి పట్టిన వీరుడు ఊరూరా తిరుగుతాడు, నచ్చినవాళ్లను పెళ్లి చేసుకోవచ్చు. ఇద్దరు చక్కని ఆడపిల్లలు ఉండగా మధు పడవ నడిపే అబ్బాయిని ఎంచుకున్నాడు.

"మగోడిని చేసుకోనిస్తారా అబ్బయా?" అన్నాను.

"ఈ ఆటలో పెట్టినారవ్వా."

"వాడికి అమ్మానాయనా ఉండారా?"

"అదంతా తెలీదు. వంట బాగా చేస్తాడంట."

"నీకంటే నయమే. నీకూ అట్టాంటోడే కావాల్నా?"

మధు నవ్వలేదు. అవునన్నట్టు తల ఊపాడు.

"నాయనకు నువ్వు చెప్తావా అవ్వా?" అన్నాడు.

భయంగానే ఉంది. కొడుకు కోపిష్టి. విన్నాక షుగరు పెరిగితే, ఊళ్లో తల ఎత్తుకోలేనంటే... అయినా ఈ పెళ్లి జరిగితే ఆ కోవూరు పిల్ల ఏం పాపం చేసిందని? చూపులు శుక్రవారం. అవి ఆపించాలి, నేనే చెప్పాలి. బుధవారం పొద్దున బస్సుకు విడవలూరు పోతున్నాను.