రక్తం సంచి మీది తెల్లచుక్క

అక్కా,

నువ్వు పోయిన తేదీనే అమ్మకు ఆపరేషన్ పడింది. బ్లడ్ బ్యాంకు నుంచి రక్తం తేవడానికి నాన్న, నేను వెళ్లాం. ఇప్పుడు సంచి మీద తక్కువ ఖరీదులో దొరికే తెల్లచుక్క ఒకటి అంటిస్తున్నారు. రక్తం వేడెక్కి పాడైతే అది ఎర్రబడుతుంది.

రక్తం తీసుకుని వస్తుంటే ధర్మతల కూడలిలో ఎర్రజెండాల ఊరేగింపుకి బస్సు ఆగిపోయింది. నాన్న ఐసు డబ్బాని ఒంటికి దూరంగా, చేతులు చాచి పట్టుకున్నారు. నేను మాటిమాటికీ మూత తీయబోయాను.

"తియ్యకమ్మా, సల్లదనం పోద్ది," అన్నారు. డబ్బాకేసి చూస్తూ, "మీ అక్కకి సల్లటి రగతం ఎక్కితే వణుకొచ్చేద్దని సొక్కా లోపలెట్టుకుని తెచ్చాను. అప్పుడీ సుక్కుంటే ఎర్రబడిపోయేదేటి?"

"లేదు నాన్నా. తెల్లగానే ఉండేది."

నాకు తెలియదక్కా, అలా అనేశాను.

ఆసుపత్రిలో నర్సు మూత తీసి, చుక్క తెల్లగానే ఉందని చూసి, డబ్బా తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నాన్న చేతులు మాత్రం అలాగే చాచి ఉన్నాయి.