304లో అమోనియా

కొండాపూర్,
జూన్ 8.

ఫ్లాట్ 304 కుమారి ప్రశాంతి గారికి,

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి నరసింహమూర్తి వ్రాయునది. వాట్సాప్‌లో చెప్పింది చెప్పినట్టు కాదు గనుక కాగితం మీద రాస్తున్నాను.

మీ తలుపుకి అంటించిన పట్టిక నిన్న చదివాను. "నీళ్లలో అమోనియా 0.5. పెంటయ్య మూలకి పడున్నాడు. కనకలక్ష్మి పైకొచ్చి గాలి పీలుస్తోంది. ఇద్దరికీ తిండి తగ్గించాలి" అని ఉంది. అద్దె రిజిస్టరులో మీ పేరు, మీ స్నేహితురాలు సంయుక్త పేరు మాత్రమే ఉన్నాయి. ఈ పెద్దవాళ్లెవరండీ? వారికి తిండి తగ్గించడమేమిటి? అన్నిటికన్నా ముఖ్యంగా, మన నీళ్లలో అమోనియా ఏమిటి?

ఇట్లు,
నరసింహమూర్తి,
విశ్రాంత ఇంజనీరు

తా.క. దీని నకలు నోటీసు బోర్డులో పెట్టడమైనది.

జూన్ 9.

నరసింహమూర్తి అంకుల్‌కి నమస్తే.

ఫికర్ చేయకండి. పెంటయ్య, కనకలక్ష్మి మా తాత, నానమ్మల పేర్లే గానీ, ఇంట్లో ఉన్నవి చేపలు. రెండు గప్పీలు, ఒక్కోటి చిటికెన వేలంత లేదు. మాదాపూర్‌లో షాపువాడు తొట్టీ చేపలూ ఒకే రోజు అంటగట్టాడు. కొత్త తొట్టిలో వాటి వ్యర్థాలే అమోనియా అవుతాయి. దాన్ని తినే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో కాపురం పెట్టడానికి నెలన్నర పడుతుందట. అప్పటిదాకా రోజూ కొలవాలి, పావు వంతు నీళ్లు తీసి కొత్తవి పోయాలి, తిండి చిటికెడే వేయాలి. నా షిఫ్టు వేరు, సంయుక్త షిఫ్టు వేరు, అందుకే తలుపు మీద పట్టిక. మన నీళ్లకి ఏమీ కాలేదు.

పేరుకే,
ప్రశాంతి

తా.క. ఏడాదిలో మూడు ఉద్యోగాలు మారాను అంకుల్. "నీ చేతిలో ఏదీ నిలవదే" అంటుంది మా అమ్మ. ఈ రెండింటినన్నా నిలబెట్టాలని ఉంది.

జూన్ 11.

కుమారి ప్రశాంతి గారికి,

చేపల విషయం తదుపరి సమావేశంలో పరిశీలించబడును. నీళ్ల విషయం ఆగేది కాదు. బోర్డు చదివినప్పటి నుంచి 504 వెంకటరమణ గారు పళ్లు కూడా మినరల్ వాటర్‌తో తోముకుంటున్నారు. ఆదివారం సంపు కడిగించి, బ్లీచింగ్ పౌడర్ దండిగా వేయించాలని అత్యవసర సమావేశంలో అందరూ సంతకాలు పెట్టారు.

సంఘం తరఫున,
నరసింహమూర్తి

తా.క. పట్టిక తీసేయకండి. జనం పనిగట్టుకుని మూడో అంతస్తులో దిగి చదువుకుని వెళుతున్నారు.

జూన్ 16.

అంకుల్‌కి,

కొంప ముంచారు. మీ బ్లీచింగ్ నీళ్లే తొట్టిలో పోశాను. క్లోరిన్‌కి విరుగుడు చుక్కలు వేశాను గానీ, సీసా మీద రాసిన కొలత మామూలు నీళ్లకి, మీ చేతికి కాదు. రెండు వారాలుగా పెంచుకున్న సూక్ష్మజీవులు పోయాయి. అమోనియా 2కి ఎక్కింది. కనకలక్ష్మి అడుగున పడుకుంది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఒక తప్పు దిద్దబోయి రెండు తప్పులు చేసేవాళ్లని పొద్దంతా చూస్తుంటా. మీరు మా మేనేజర్‌ని మించిపోయారు. మళ్లీ వేయించకండి, దండం పెడతా.

పరేషాన్‌లో,
ప్రశాంతి

తా.క. లిఫ్టు దగ్గర ఒకావిడ "మీ నానమ్మకి ఎట్లుందమ్మా?" అని అడిగింది. "మొప్పలు ఎర్రబడ్డాయండి" అన్నాను. ఆమె నాకు దండం పెట్టి మెట్లెక్కి వెళ్లిపోయింది.

జూన్ 17.

కుమారి ప్రశాంతి గారికి,

మీ పట్టికలో అంకె 2కి చేరినట్టు సంఘం గమనించింది. ఒక్కసారి బ్లీచింగ్ చాలలేదని దీనివల్ల తేలింది. రేపు పైన ఉన్న ట్యాంకులు కూడా కడిగించి, మందు వేయించబడును.

సంఘం తరఫున,
నరసింహమూర్తి

తా.క. వెంకటరమణ గారు స్వయంగా బకెట్ పట్టుకుంటానన్నారు. ఇది చారిత్రక విషయం.

జూన్ 19.

సెక్రటరీ గారికి,

ఇగ అంకుల్ అనను. నేను రాసింది తెలుగే కదా? ఏందండీ ఇది? పెంటయ్య తిండి ముట్టలేదు. కనకలక్ష్మి పక్కకి ఒరిగి ఈదుతోంది. తొట్టిలో పోయడానికి చెంబెడు మంచి నీళ్లు లేవు. పట్టిక చింపేశాను. ఈ నెలాఖరుకి ఖాళీ చేస్తా.

ప్రశాంతి

తా.క. ఎవరో రెండు నీళ్ల క్యాన్లు మా గుమ్మం ముందు పెట్టి పోయారు. మేం తెప్పించలేదు. వాచ్‌మన్‌కి ఇచ్చేశాను.

జూన్ 20.

అమ్మా ప్రశాంతీ,

దీనికి నకలు లేదు. చదివి చింపెయ్యి.

అవి చేపలని మొదటి రోజే నాకు తెలుసు. లిఫ్టులో ఫోన్ మాట్లాడుతూ "అంకుల్, జర పట్టుకోండి" అని ఆ చేపల సంచి ఇచ్చింది నా చేతికే. నువ్వు నా మొహం చూడలేదు. అవి చూశాయి.

సంపు కడిగించమని నాలుగేళ్లుగా మొత్తుకుంటున్నాను. "తేటగానే ఉన్నాయి కదండీ" అంటారు వెంకటరమణ గారు. నీ పట్టిక సంగతి బోర్డెక్కగానే అందరి సంతకాలూ వచ్చాయి. సంపులో రెండు చెప్పులు దొరికాయి. అవి ఒక జతవి కూడా కావు.

కానీ బ్లీచింగ్ వాటికి ఇంత చేటని తెలియదమ్మా. తప్పు నాదే. పైట్యాంకుల పని నా చేయి దాటిపోయింది. అందుకని శేరిలింగంపల్లిలో మా అమ్మాయి ఇంటి బోరు నీళ్లు రెండు క్యాన్లు పట్టించి నీ గుమ్మం ముందు పెట్టించాను. వాచ్‌మన్ వాటితో టీ కాచుకున్నాడు. మళ్లీ తెప్పించాను. పక్కన డబ్బాలో మా మనవరాలి తొట్టి స్పాంజి ఉంది. రెండేళ్ల పాతది, కావలసినన్ని సూక్ష్మజీవులు కాపురం ఉన్నాయి. కడగకుండా నీ ఫిల్టరులో పెట్టు. ఇప్పుడే పెట్టు.

క్షమించమని,
మీ అంకుల్ (కుదిరితే)

తా.క. డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను. పక్క సీటాయన వాసన చూసి "సాంబారా సార్?" అన్నాడు. అవునన్నాను. నేను దిగేదాకా నా వైపు జాలిగా చూశాడు.

జూన్ 30.

అంకుల్‌కి,

వారంలో అమోనియా సున్నా. మూడు రోజులుగా కొలుస్తున్నా, సున్నాయే. కనకలక్ష్మి పెంటయ్యని తొట్టంతా తరుముతోంది. అచ్చం మా ఇంట్లోలాగే. మీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది, రోజూ పావు వంతు తీసేస్తున్నా. ఖాళీ చేయడం లేదు. అమ్మకి ఫోటో పంపిస్తే "నిలిచాయా?" అని రెండుసార్లు అడిగింది.

నిలబడ్డ,
ప్రశాంతి

తా.క. మన జనరేటర్ ఏడాదిగా ట్రాక్టర్‌లా మోగుతోంది కదా. తలుపుకి కొత్త పట్టిక అంటిస్తున్నా. పెంటయ్యకి చెవుడొచ్చిందని రాయనా, గుండెదడ అని రాయనా?