పెరట్లో కొట్టిన మందు

అన్నయ్యా,

పాపని రెండు మూడు రోజులు పెరట్లోకి తీసుకెళ్లకు. ఆకుకూర కొయ్యొద్దని వదినకి చెప్పు. తేనెటీగలకి నేను పెట్టిన నీళ్ల పళ్లెం సబ్బుతో కడిగి, కొత్త గులకరాళ్లు వేసి, మళ్లీ నీళ్లు పొయ్యి.

పురుగుమందు సీసా అటక మీద దొరికింది. నిన్న పొద్దున్న మొక్కల కింద చచ్చిపడిన తేనెటీగల్ని చూసి నేను ఏడుస్తుంటే, "ఎండదెబ్బకి పోయుంటాయిలే చెల్లీ" అన్నావు. చీపురు తెచ్చి నాతోపాటు ఊడ్చావు కూడా! ఆ మొక్కలకి మూడేళ్ల కిందట నాతో కలిసి గోతులు తవ్వింది నువ్వే కదా.

పాపని ఎక్కడ కుడతాయోనని భయపడ్డావట. వదినని ఏమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. ఆ భయమేదో నాతో ఒక్క మాట చెప్పుంటే, పూలమొక్కలన్నీ గోడవారకి మార్చేదాన్ని. నమ్మించి గొంతు కోశావు.

కుట్టు దుకాణానికి టైమైంది. కూర చల్లారిపోయుంటుంది, వేడి చేసుకుని తిను.

మర్చిపోయాను. ఇందాక గుమ్మడిపువ్వులోకి ఒక తేనెటీగ దూరింది. అది బతికే బయటికొస్తుందో లేదోనని అక్కడే నిలబడ్డాను. వచ్చింది. దాన్ని నీకు చూపిద్దామని పిలవబోయి, ఆగిపోయాను.