అన్న లాప్‌టాప్ తెరిచే మొఖం

వదినకు,

సూర్యాపేట నుంచి నీ మరిది రాసేది. ఫోన్ ఎత్తుతలేవని ఉత్తరం పెడుతున్న.

నువ్వు కోదాడ మీ అమ్మోళ్లింటికి పోయేటప్పుడు అన్న లాప్‌టాప్‌ల ఉన్న పాప వీడియోలు పంపమన్నవ్. నీకు తెలుసు గదా, అన్న ఆర్వెన్ తప్ప వేరే కంపెనీది ముట్టేటోడు కాదు. "ఇది మొఖం చూసి మనిషిని గుర్తుపడ్తది రా, పాస్‌వర్డ్‌తోని పనేంది" అనేటోడు.

అన్న పోయినంక దినాలదాకా నేను గడ్డం గీసుకోలే. అన్నకెప్పుడూ గడ్డమే, మా మొఖాలు ఒక్కతీరు. ఫ్లెక్సీకి అన్న ఫొటో కోసమని లాప్‌టాప్ ముందర కూసున్న. అదే తెరుచుకొని, తెర మీద అన్న పేరుతోని "వెల్‌కమ్ క్రాంతి" అన్నది. భయమై ఫొటో గూడ తీయకుంట మూసేసిన.

దినాల నాడు మంగలి గడ్డం తీసిండు. ఇప్పుడది నన్ను గుర్తుపడ్తలేదు. షాపోళ్లు లోపలున్నదంతా తుడిచేస్తేనే పనికొస్తదన్నరు. నేనొద్దన్న.

అందుకే మళ్ల గడ్డం పెంచుతున్న. లాప్‌టాప్ ఇంకా తెరుచుకోలే. కానీ నిన్న అన్నం పెట్టుకుంట అమ్మ "క్రాంతీ, ఇంకొంచెం ఏసుకో బిడ్డా" అన్నది. నేను పలికిన.

నువ్వొచ్చినప్పుడు నన్ను చూసి జడుసుకోకు వదినా. నువ్వన్నా నన్ను నా పేరుతోని పిలువు.

నీ మరిది