గడువు దాటిన ఫిర్యాదు

చెల్లెమ్మా, దేవుని దయవల్ల నా ఒళ్లు బాగానే ఉంది, బెంగపడకు, బాగాలేనిది మనసే.

మా ప్రార్థన మందిరం పక్కింటి కుట్టుపనావిడకు రెండేళ్ల కిందట కొత్త కుక్కరు పేలి రెండు కళ్లూ పోయాయి. ఉచితంగా కేసు వేసిపెట్టే లాయరమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది. కుక్కరు అమ్మిన కొట్టాయన కూడా ఆమెలాగే మా సంఘస్థుడు. విశ్వాసి విశ్వాసిని కోర్టుకీడ్చరాదని వాక్యం తీసి గర్జించి, లాయరమ్మను గుమ్మంలోంచే పంపేశాను. కుట్టుపనావిడ నా మాట కాదనలేదు. కొట్టాయన ఆమె గడప తొక్కనేలేదు.

నిన్న సిగ్గు చంపుకుని నేనే లాయరమ్మ దగ్గరికి వెళ్లాను. "కేసు వేసే రెండేళ్ల గడువు పోయిన నెలే దాటింది అయ్యగారూ. ఆలస్యానికి కారణం రాసిస్తే కోర్టును అడిగి చూస్తాను" అంది. కారణం నేనేనని రాసి సంతకం పెట్టాను.

ఆ సంగతి చెబితే కుట్టుపనావిడ, "న్యాయం కోసం జడ్జీని విసిగించిన విధవరాలి కథ కూడా ఆ పుస్తకంలోనే ఉందిగా అయ్యగారూ! అది నాకెందుకు చదవలేదు?" అంది.

బావ దగ్గు తగ్గిందా? మీ కొత్త గ్యాసు పొయ్యి బిల్లు పారేయకుండా బీరువాలో దాచు. పిల్లలకు దీవెనలు. ఈ ఆదివారం ఆ కథే చదువుతాను, ఆమె ముందు వరసలో కూర్చుంటానంది. నా గొంతు నిలబడాలని ప్రార్థించు.

మీ అన్నయ్య